అంత దూరం పోయి గుమస్తా ఉద్యోగమా?

ప్రశ్న: మాది తెనాలి. పదిహేడేళ్లుగా డబ్లిన్‌లో ఉంటున్నాం. మావారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా అబ్బాయికి ఇరవై నాలుగేళ్లు, ఇక్కడి పౌరసత్వం ఉంది. డిగ్రీ అవగానే పరీక్ష రాసి ఒక ప్రభుత్వ శాఖలో ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్‌గా చేరాడు. ఏడాదిన్నర అయింది. ఈమధ్య ఇంటికొస్తే మొహం వేలాడేసుకుని కూర్చుంటున్నాడు. మూడు వారాలు కష్టపడి ఒక నోట్ రాశాడట. అది పైకెళ్లి తిరిగొచ్చేసరికి వాడు రాసిన దాంట్లో నాలుగు వాక్యాలే మిగిలాయట. వాడి పేరు ఎక్కడా లేదట. ఇప్పుడొక కన్సల్టింగ్ కంపెనీ దాదాపు రెట్టింపు జీతమిస్తానంటోంది. మా వైపు వాళ్లేమో ఫోన్ చేసినప్పుడల్లా ‘అంత దూరం పోయి గుమస్తా ఉద్యోగమా’ అంటున్నారు. వాడు మాత్రం ‘విటకర్ కూడా కింద నుంచే మొదలుపెట్టాడమ్మా’ అంటాడు. ఎవరాయన? వాడు నిజంగా అలా పైకి రాగలడా? మానేయమని నేను గట్టిగా చెప్పనా? నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

సమాధానం:

అమ్మా, ముందు ఆ గుమస్తా అనే మాట గురించి చెబుతాను, ఎందుకంటే అది నాకూ తగిలింది. హైదరాబాద్ సచివాలయంలో ముప్పై రెండేళ్లు పనిచేశాను. సెక్షన్ ఆఫీసర్‌గా రిటైరయ్యాను. మా అత్తగారు చివరిదాకా నన్ను అందరికీ ‘సెక్రటేరియట్‌లో క్లర్కు’ అనే పరిచయం చేశారు. ఆవిడ తప్పేమీ లేదు. బయటవాళ్లకు మా పని కనపడదు. వాళ్లకు కనపడేది మంత్రి, లేకపోతే జీవో. ఆ రెంటికీ మధ్య ఎవరో కూర్చుని నోట్ రాశారనే సంగతి ఎవరికీ తట్టదు. అందుకని మీ బంధువుల మాట పక్కన పెట్టండి. వాళ్లు మీ అబ్బాయి పని చూడలేదు, చూసే వీలూ లేదు.

ఇక విటకర్. మీవాడు ఈ పేరు తలుచుకున్నాడంటేనే నాకు సంతోషంగా ఉంది. ఈయన గురించి నేను చాలా ఏళ్లుగా చదువుతున్నాను, మాట్లాడుకోవడానికి ఎవరూ దొరకలేదు. కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను, ఓపిక పట్టండి.

థామస్ కెనెత్ విటకర్ 1916 డిసెంబరులో రోస్ట్రెవర్ అనే ఊళ్లో పుట్టారు. ఇప్పుడది ఉత్తర ఐర్లండ్‌లో ఉంది. తండ్రి నారబట్టల మిల్లులో పనిచేసేవారు. ఉత్తర భాగం బ్రిటన్ కింద మిగిలి దేశం రెండు ముక్కలైన రోజుల్లో కుటుంబం సరిహద్దు దాటి దక్షిణాన డ్రోహెడాకు వచ్చేసింది. మీకు డబ్లిన్ నుంచి అది ఎంతో దూరం కాదు. అక్కడే బడి చదువు అయింది. కాలేజీలో చేర్చే స్తోమత ఇంట్లో లేదు. 1934లో క్లరికల్ ఆఫీసర్ పరీక్ష రాశారు. అంటే మీ అబ్బాయి చేరిన మెట్టుకు ఇంకా ఒక మెట్టు కిందన్నమాట. మొదటి ర్యాంకు వచ్చింది. తర్వాత ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ పరీక్ష, ఆ తర్వాత పన్నుల శాఖలో అసిస్టెంట్ ఇన్‌స్పెక్టర్ పరీక్ష, చివరికి అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్ పరీక్ష. నాలుగేళ్లలో నాలుగు మెట్లెక్కి 1938లో ఆర్థిక శాఖలో అడుగుపెట్టారు. పగలు ఆఫీసు, రాత్రి చదువు. లండన్ యూనివర్సిటీ డిగ్రీలు ఇంట్లో కూర్చుని ప్రైవేటుగా కట్టి తెచ్చుకున్నారు. మన వైపు ఎల్డీసీగా చేరి, ఓపెన్ యూనివర్సిటీలో ఎంఏ చేసి, గ్రూప్ టూ రాసి ఎక్కి వచ్చినవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు కదా, ఆ కోవ మనిషి.

అక్కడి నుంచి 1956 దాకా పద్దెనిమిదేళ్లు. ఆ పద్దెనిమిదేళ్లలో ఆయన రాసిన నోట్లు, సరిచేసిన లెక్కలు, మంత్రులకు తయారుచేసి ఇచ్చిన సమాధానాలు ఎన్నో ఉంటాయి. వాటి మీద ఆయన పేరు లేదు. బయట మామూలు జనానికి ఆయన తెలియదు. మీ అబ్బాయికి ఈ భాగం ఎవరూ చెప్పి ఉండరు. విజయగాథలు చెప్పేవాళ్లు ఇక్కడికి రాగానే గబగబా దాటేస్తారు. మీరు మాత్రం దాటకండి. మీవాడికి అయింది ఏడాదిన్నర.

1956లో ఆర్థిక శాఖ కార్యదర్శి కుర్చీ ఖాళీ అయింది. సీనియారిటీ ప్రకారం ఇంకొకరికి రావాలి. అప్పటి ఆర్థిక మంత్రి జెరార్డ్ స్వీట్‌మన్ ఆ వరస పక్కనపెట్టి ముప్పై తొమ్మిదేళ్ల విటకర్‌ను కూర్చోబెట్టారు. సీనియారిటీ దాటి పోస్టింగ్ ఇస్తే ఆఫీసులో ఎంత గొడవో నాకు తెలుసు. అది చేయడానికి ఆ మంత్రికి ధైర్యం ఉండాలి, అది మోయడానికి ఈయనకూ ఉండాలి. తర్వాతి ఏడాది ఎన్నికల్లో ఆ ప్రభుత్వం పడిపోయింది. ఎదుటి పార్టీ వచ్చింది. విటకర్ ఎక్కడికీ పోలేదు. ఏ మంత్రి తెచ్చిపెట్టాడన్నది ఎవరూ అడగలేదు. స్వీట్‌మన్ ఎంపిక చేసిన మనిషి, ఆ పార్టీని ఓడించినవాళ్ల కోసం తన జీవితంలోకెల్లా పెద్ద పని చేశాడు. ప్రభుత్వం మారిన వారంలోనే బదిలీల జాబితాలు చూసే మనకు ఇది వింతగా ఉంటుంది. నాకైతే ఆయన చరిత్రలో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

అప్పుడు దేశం ఎలా ఉందో చెప్పాలి, లేకపోతే ఆ పని విలువ తెలియదు. మీరు చూస్తున్న డబ్లిన్ కాదది. ఇప్పుడు మనవాళ్లు ఉద్యోగాలకు అక్కడికి వెళుతున్నారు. అప్పుడు అక్కడివాళ్లే ఓడెక్కి ఇంగ్లండుకు వెళ్లిపోయేవారు. యాభైల పదేళ్లలో సుమారు నాలుగు లక్షల మంది వలసపోయారు. 1961 జనాభా లెక్కల్లో దేశం మొత్తం జనం 28 లక్షల 18 వేలు. స్వతంత్ర దేశమయ్యాక అంత తక్కువ ఎప్పుడూ లేదు. ముప్పైల నుంచి దిగుమతుల మీద పెద్ద పెద్ద సుంకాలు వేసి, గోడ కట్టుకుని, లోపల చిన్న చిన్న ఫ్యాక్టరీలు నడుపుకుంటున్నారు. ఆ ఫ్యాక్టరీలు పెరగలేదు, ఉద్యోగాలు రాలేదు. 1957 సెప్టెంబరులో డబ్లిన్ ఒపీనియన్ అనే హాస్య పత్రిక ముఖచిత్రంగా ఒక కార్టూన్ వేసింది. ఐర్లండ్ అనే అమ్మాయి జోస్యం చెప్పే ఆవిడ ముందు కూర్చుని, ‘త్వరగా చూడు, నాకు భవిష్యత్తే లేదంటున్నారు’ అని తొందరపెడుతుంది. విటకర్ ఆ బొమ్మను మనసులో పెట్టుకున్నారు. తర్వాత తన పుస్తకం ముందుమాటలోనే దాని సంగతి ఎత్తారు.

1957 డిసెంబరులో ఆర్థిక మంత్రి జేమ్స్ ర్యాన్‌కు ఆయన ఒక నోట్ పెట్టారు. ‘ఐర్లండ్‌కు భవిష్యత్తు ఉందా?’ అనే ప్రశ్న చుట్టూ రాసిన నోట్. అది రాయమని ఎవరూ అడగలేదు. మంత్రి అడిగిన దానికి జవాబు రాయడం వేరు, మంత్రి అడగని ప్రశ్నను మనమే రాసి పైకి పంపడం వేరు. రెండోదానికి చెయ్యి వణుకుతుంది. దేశ ఆర్థిక వ్యవస్థ మొత్తాన్ని పరిశీలించి, ఎటు పోవాలో తేల్చే పని మా శాఖ చేస్తుంది, అనుమతి ఇవ్వండని అడిగారు. మంత్రివర్గం సరేనంది.

ఆ పని ఎలా జరిగిందో చూడండి. దాని కోసం వేరే ఆఫీసు పెట్టలేదు, కన్సల్టెంట్లను పిలవలేదు. చార్లెస్ మర్రీ లాంటి కొద్దిమంది సహోద్యోగులు రోజువారీ ఫైళ్లు చూసుకుంటూనే సాయంత్రాలు, సెలవు రోజులు దీనికి పెట్టారు. 1958 మేలో పూర్తయింది. నవంబరులో ‘ఎకనమిక్ డెవలప్‌మెంట్’ పేరుతో అచ్చయింది. బూడిదరంగు అట్ట కాబట్టి గ్రే బుక్ అని కూడా పిలుస్తారు. అందులో పెద్ద పెద్ద మాటలు తక్కువ. సుంకాల గోడ క్రమంగా దించాలి, బయటి పెట్టుబడిని రానివ్వాలి అనే మాటలతో పాటు గడ్డి బాగా పెరగడానికి పొలాలకు ఫాస్ఫేట్ ఎరువు వేయడం గురించి, పశువులకు వచ్చే క్షయ రోగాన్ని వదిలించడం గురించి ఉంటుంది. దేశ భవిష్యత్తు గురించిన పుస్తకంలో ఆవుల జబ్బు ఏమిటి అంటారేమో. ఆ దేశానికి అప్పట్లో డబ్బు తెచ్చేది పశువులే. జబ్బు పశువులను ఎవరు కొంటారు? ఇలా నేల మీద కాళ్లు ఆనించి రాసిన నోట్ చూస్తే నాలాంటివాళ్లకు కడుపు నిండుతుంది.

ఆ పుస్తకం ఆయన పేరుతోనే బయటికి వచ్చింది. ఒక ఉద్యోగి రాసిన దాన్ని ఆ ఉద్యోగి పేరుతోనే ప్రభుత్వం అచ్చువేయడం ఆనవాయితీ కాదు. ఇది ఏదో ఒక పార్టీ మాట కాదని జనానికి తెలియాలనుకున్నారు. దాన్ని పట్టుకునే ప్రభుత్వం తన మొదటి ఆర్థిక కార్యక్రమం ప్రకటించింది. ఏడాదికి 2 శాతం వృద్ధి లక్ష్యం పెట్టుకుంటే 4 శాతం దాకా వచ్చింది. ఇంకొక విషయం. 1959లో తీషక్ అయిన షాన్ లెమాస్ దీన్ని ముందుకు నడిపించారు. తీషక్ అంటే ప్రధానమంత్రి అని మీకు నేను చెప్పనక్కర్లేదు. ముప్పైల్లో ఆ సుంకాల గోడ కట్టించింది కూడా ఆయనే. తను కట్టిన గోడ తనే దించడానికి ఒప్పుకోవడం మామూలు విషయం కాదు. అందుకే నేను ఈ కథలో విటకర్‌కు ఒక్కడికే దండ వేయను. ఒప్పుకునే మంత్రి లేకపోతే ఎంత మంచి నోటైనా బీరువాలోనే ఉంటుంది. ప్రపంచమంతా వ్యాపారం పుంజుకున్న రోజులు కావడం కలిసొచ్చిందని చరిత్రకారులు అంటారు. ఇళ్లు కట్టడం లాంటి వాటికంటే ‘ఉత్పాదక’ పనులకే ప్రభుత్వ డబ్బు పోవాలన్న ఆయన వాదన పేదలకు మేలు చేయలేదని కూడా కొందరంటారు. ఆ విమర్శలో పస ఉందనే నా అభిప్రాయం. మీవాడికి ఆయన్ను దేవుణ్ని చేసి చెప్పకండి.

మీ అబ్బాయి బాధలో అసలు ముల్లు నాలుగు వాక్యాలే మిగలడం. ఇక్కడ నా సంగతి ఒకటి చెబుతాను.

నేను ఒక శాఖలో అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్‌గా ఉన్నప్పుడు హాస్టళ్ల పిల్లల దుప్పట్ల ఫైలు నా దగ్గర ఉండేది. టెండరు ప్రతి ఏడూ అక్టోబరులో పిలిచేవారు. దుప్పట్లు ఫిబ్రవరి చివర్లో చేరేవి. అంటే చలి అయిపోయాక. రెండేళ్ల పాత కాగితాలన్నీ తిరగేసి, ఏ జిల్లాకు ఏ తేదీన చేరాయో ఒక పట్టిక గీసి, టెండరు జూన్‌లో పిలిస్తే నవంబరుకల్లా పిల్లలకు అందుతాయని నోట్ రాశాను. ఆకుపచ్చ నోట్ షీట్ల మీద పదకొండు పేరాలు. నా పొట్టి సంతకం ఎడమపక్కన కింద. ఫైలు పైకి వెళ్లింది. మూడు వారాలకు తిరిగొచ్చింది. మార్జిన్‌లో ఎర్ర సిరాతో ఒకే ముక్క: ‘పాత పద్ధతే కొనసాగించవచ్చు.’ ఆ రోజు క్యాంటీన్‌లో కూర్చుని ఏడ్చాను. రెండేళ్ల తర్వాత కొత్త అధికారి వచ్చారు. ఒక సర్క్యులర్ వచ్చింది, టెండర్లు ఇకపై జూన్‌లో. చదువుతుంటే ఎక్కడో విన్నట్టు ఉంది. నా ఏడో పేరా, ఎనిమిదో పేరా, అక్షరం పొల్లుపోకుండా. సంతకం ఇంకెవరిదో. మొదట ఒళ్లు మండింది. ఆ నవంబరులో మా ఊరి హాస్టల్ మీదుగా వెళుతూ దండెం మీద ఆరేసిన కొత్త దుప్పట్లు చూశాను. బూడిదరంగువి, అంచుకు ఎర్ర గీత. లెక్కపెట్టాను కూడా, ఇరవై రెండున్నాయి. అప్పుడు పోయింది ఆ మంట. పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. చాలావరకు పోయింది.

మీకు గుర్తుందో లేదో, మన ప్రభుత్వ ఉత్తరాలు ‘ఐ యామ్ డైరెక్టెడ్’ అని మొదలవుతాయి. నాకు ఆదేశించిన ప్రకారం రాస్తున్నాను అని. ఐర్లండ్ శాఖల ఉత్తరాల్లోనూ అదే వాడుక ఉండేది. ఇద్దరికీ బ్రిటిష్ పాలన వదిలి వెళ్లిన అలవాటే. అక్కడ 1924లో చేసిన చట్టం ప్రకారం శాఖ అంటే మంత్రే. శాఖ చేసే ప్రతి పనీ మంత్రి పేరు మీదే. కాబట్టి మీవాడి పేరు లేకపోవడం వాడికి జరిగిన అవమానం కాదు. ఆ వ్యవస్థ అలా కట్టారు. పేరు లేదు కాబట్టే మంత్రికి నచ్చని మాట కూడా కాగితం మీద పెట్టగలరు. ప్రభుత్వం మారినా ఉద్యోగి మిగిలేది కూడా అందుకే.

మూడు వారాలు రాసిన దాంట్లో నాలుగు వాక్యాలు మిగిలాయంటే, ఏడాదిన్నర సర్వీసున్నవాడికి అది చిన్న విషయం కాదు. నా మొదటి రెండేళ్లలో ఒక్క వాక్యం కూడా మిగల్లేదు. కానీ ఒకటి తేల్చుకోవాలి. ఎందుకు కొట్టేశారో పైవాళ్లు వాడికి చెప్పారా? చెప్పి ఉంటే వాడు మంచి చోట ఉన్నట్టు. చెప్పకపోతే వాడే వెళ్లి అడగాలి, తగవుగా కాదు, నేర్చుకోవడానికి. అడిగినా చెప్పని చోటైతే వేరే శాఖకు మారే పరీక్షలు, ఇంటర్వ్యూలు అక్కడ ఉన్నాయి. ఉద్యోగం మానేయడానికీ సెక్షన్ మారడానికీ చాలా తేడా ఉంది. కుర్రవాళ్లు ఆ రెండూ ఒకటే అనుకుంటారు.

‘నిజంగా పైకి రాగలడా’ అని అడిగారు. మెట్లు ఇవి: క్లరికల్ ఆఫీసర్, ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్, హయ్యర్ ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్, అసిస్టెంట్ ప్రిన్సిపల్, ప్రిన్సిపల్ ఆఫీసర్, అసిస్టెంట్ సెక్రటరీ, ఆ పైన సెక్రటరీ జనరల్, అంటే శాఖ కార్యదర్శి. 1984 నుంచి పై రెండు మెట్లకు ఎంపిక చేయడానికి ఒక ప్రత్యేక కమిటీ ఉంది. సెక్రటరీ జనరల్ అయితే మామూలుగా ఏడేళ్లే. విటకర్‌లా పదమూడేళ్లు కూర్చునే రోజులు పోయాయి. ఒక శాఖకు ఒకే కుర్చీ. అక్కడిదాకా వెళ్లేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. కాబట్టి విటకర్ అవుతాడనే ఆశతో అయితే ఉండమని చెప్పకండి. ప్రిన్సిపల్ ఆఫీసర్ దాకా వెళ్లి గౌరవంగా రిటైరైనా అది మంచి జీవితమే అనిపిస్తేనే ఉండాలి.

మన పేరు, మన రంగు అడ్డొస్తుందేమోనని మీరు రాయలేదు గానీ ఆ భయం మీ ఉత్తరం నిండా కనిపించింది. తల్లికి ఉంటుంది. దానికి నేను హామీ ఇవ్వలేను. ఒకటి చెబుతాను. ఐర్లండ్‌లో 1973 దాకా పెళ్లయిన ఆడమనిషి సివిల్ సర్వీసులో ఉండకూడదు, పెళ్లిరోజు ముందే రాజీనామా ఇవ్వాల్సిందే. ఆ రోజుల్లోనే, 1959లో, థెక్లా బియర్ అనే ఆవిడ రవాణా, విద్యుత్ శాఖకు కార్యదర్శి అయ్యారు. ఆ హోదాకు వచ్చిన మొదటి మహిళ. ఆవిడ పెళ్లి చేసుకోలేదు. తర్వాత 1970లో దేశంలో స్త్రీల స్థితిగతుల మీద వేసిన కమిషన్‌కు ఆవిడే అధ్యక్షురాలు. పెళ్లి నిషేధం పోవాలన్న మాట ఆ కమిషన్ నుంచే వచ్చింది. ఆవిడ తర్వాత ఇంకో మహిళ ఆ హోదాకు రావడానికి ముప్పై ఏళ్ల పైన పట్టింది. మీ అబ్బాయి ముందు ఎన్ని తలుపులు ఉన్నాయో, ఎన్ని మూసి ఉన్నాయో వాడే చూసుకుంటాడు. వాడు పెరిగిన దేశం అది, మీకంటే వాడికే బాగా తెలుసు.

కంపెనీ జీతం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. డబ్లిన్ అద్దెలు మీకు తెలుసు. అప్పులుంటే, ఇల్లు కొనే తొందర ఉంటే డబ్బు చూసుకోవడం తప్పు కాదు. వెళ్లినవాడు తర్వాత మళ్లీ పరీక్ష రాసి రావచ్చు కూడా. కానీ కోపంలో వెళ్లవద్దనండి.

విటకర్ తర్వాతి జీవితం కూడా మీరు తెలుసుకోవాలి, ఎందుకంటే ‘పేరు’ అనే దాని గురించి అది ఇంకొక సంగతి చెబుతుంది. 1965 జనవరిలో లెమాస్ ఉత్తర ఐర్లండ్ ప్రధాని టెరెన్స్ ఓనీల్‌ను కలవడానికి బెల్ఫాస్ట్ వెళ్లారు. రెండు వైపుల ప్రధానులు అలా కలుసుకుని అప్పటికి దాదాపు నలభై ఏళ్లయింది. ప్రపంచ బ్యాంకు సమావేశాల్లో ఓనీల్‌తో విటకర్‌కు పరిచయం ఉంది. ఓనీల్ ప్రైవేట్ సెక్రటరీ ఆహ్వానం పట్టుకుని డబ్లిన్ వస్తే మొదట కలిసింది విటకర్‌నే. అంతా గుట్టుగా జరిగింది. తను పుట్టిన గడ్డ వైపు తన ప్రధానితో కలిసి కారులో వెళ్లారు. పేరు మాత్రం ప్రధానులది.

1968, 69 నాటికి ఉత్తరాన గొడవలు మొదలయ్యాయి. డబ్లిన్‌లో కొందరు సైన్యాన్ని పంపుదామనే దాకా వెళ్లారు. విటకర్ అప్పటి ప్రధాని జాక్ లించ్‌కు పదేపదే ఒకటే రాశారు. బలంతో ఏకం కాలేం, ఉత్తరాన ఎక్కువమంది ఒప్పుకుంటేనే ఏకం కావాలి, ఎంతకాలం పట్టినా సరే. 1969లో ఆయన ఆర్థిక శాఖ వదిలి కేంద్ర బ్యాంకు గవర్నర్‌గా వెళ్లారు. ఉత్తర ఐర్లండ్ ఆయన పని కాదు. అయినా రాశారు. 1969 సెప్టెంబరులో లించ్ ట్రలీ పట్టణంలో చేసిన ప్రసంగంలో ఆ మాట ఉంది. ఆ ప్రసంగం వెనక విటకర్ చెయ్యి ఉంది. 1998లో ఉత్తరాన ఆ గొడవలకు తెరదించిన గుడ్‌ఫ్రైడే ఒప్పందం కుదిరినప్పుడు దాని నడుమ ఉన్నది ఆ సమ్మతి సూత్రమే. నోట్ రాసిన ముప్పై ఏళ్లకు. అప్పటికి ఆయనకు ఎనభై ఒకటి.

మధ్యలో ఏడేళ్లు గవర్నర్‌గా చేశారు, సెనేట్‌లో కూర్చున్నారు, జైళ్ల మీద వేసిన విచారణ సంఘానికి అధ్యక్షుడై, జైలు అనేది చివరి దారిగానే ఉండాలని 1985లో నివేదిక ఇచ్చారు. రాజ్యాంగాన్ని సమీక్షించే బృందానికి డెబ్బై తొమ్మిదో ఏట నాయకత్వం వహించారు. ఐరిష్ భాషంటే ప్రాణం. సాల్మన్ చేపలు పట్టడమంటే ఇంకా ప్రాణం. 2001లో టీవీ ప్రేక్షకులు ఆయన్ను ఇరవయ్యో శతాబ్దపు ఐరిష్ మనిషిగా ఎన్నుకున్నారు. నూరేళ్లు నిండిన తర్వాతి నెలలో, 2017 జనవరి 9న పోయారు.

గ్రే బుక్ మీద ఆయన పేరు పడింది ఇరవై నాలుగేళ్ల సర్వీసు తర్వాత. ఆయనతో పాటు ఆ సాయంత్రాలు కూర్చున్న మిగతావాళ్ల పేర్లు ఇప్పుడు ఆ దేశంలోనే చాలామందికి తెలియవు. వాళ్లు లేకుండా అది రాదు. మీ అబ్బాయి విటకర్ అవుతాడా అని కాకుండా, ఆ పేర్లు తెలియనివాళ్లలో ఒకడిగా ఉండటం వాడికి ఇష్టమేనా అని ఆలోచించండి. ఇష్టమైతే ఉండాలి. లేకపోతే కంపెనీకి వెళ్లడమే మంచిది, అందులో సిగ్గుపడేదేమీ లేదు. ఏదైనా గట్టిగా చెప్పాల్సింది మీరు కాదు, వాడు. మీరు ఒక పని చేయండి.

ఈ ఆదివారం భోజనాలయ్యాక కూర్చోబెట్టి అడగండి. ఉద్యోగం సంగతి ఎత్తకండి, జీతం సంగతి అసలే వద్దు. ఆఫీసు గుట్టు కానిదైతే ఆ నోట్ దేని గురించో చెప్పమనండి. మీకు అర్థమయ్యేలా తెలుగులో చెప్పమనండి. వాడికి తడుముకోవాల్సి వస్తుంది, పర్లేదు, ఆగండి. చెబుతుంటే వాడి కళ్లు చూడండి. విసుగ్గా రెండు ముక్కల్లో తేల్చేస్తే మీకు సగం జవాబు దొరికినట్టే. లేచి కాగితం, పెన్ను తెచ్చుకుని గీసి చూపించడం మొదలుపెట్టాడనుకోండి, అదీ జవాబే.

తర్వాత, మిగిలిన ఆ నాలుగు వాక్యాలు ఏవో అడగండి. వాడికి కంఠతా వచ్చి ఉంటాయి. చెప్పకూడనివి కాకపోతే నాకు రాసి పంపండి, చదవాలని ఉంది.